రాలిన ఆకు, నేల శిలీంధ్రాలు, భూసారం: ఏ ఆకు, ఎక్కడ, ఎప్పుడు?

ఫాల్గుణ మాసం ప్రవేశించేసరికి తెలుగు ప్రాంతాల టేకు వనాలు ఆకు రాల్చి బోసిపోతాయి. పొలం గట్ల మీది వేప, కానుగ చెట్లు పాత ఆకును విడిచి కొత్త చిగురు తొడుగుతాయి. మామిడి, జీడిమామిడి తోటలలో ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలిన ఆకు వేసవి నాటికి చెట్ల కింద మందపు పొరగా పేరుకుంటుంది. ఈ ఆకును ఊడ్చి, కుప్పవేసి, నిప్పు పెట్టడం చాలా గ్రామాలలో ఏటా జరిగే పని. "ఆకును కాల్చవద్దు, నేలలో కలిపి దున్నండి" అనే సలహాను విస్తరణ సిబ్బంది కూడా ఏటా ఇస్తూనే ఉన్నారు.

ఈ సలహాలో మొదటి సగం నిర్వివాదం. రెండవ సగం మాత్రం అన్ని ఆకులకూ, అన్ని వేళలా వర్తించదు. ఎర్ర చల్కా నేలలో ఎండిన టేకు ఆకునో, మామిడి ఆకునో విత్తనానికి వారం పది రోజుల ముందు దున్ని కలిపితే, ఆ తరువాత వేసిన మొక్కజొన్న మూడవ వారానికి పసుపు రంగుకు తిరగడంలో ఆశ్చర్యం లేదు. అటువంటి చేనును ఒకసారి చూసిన రైతు మరుసటి వేసవిలో మళ్ళీ ఆకుకు నిప్పు పెడతాడు. సలహా ఇచ్చిన శాస్త్రవేత్త మాటను మరొక విషయంలోనూ సందేహిస్తాడు. కనుక ఆకును నేలకు చేర్చమని చెప్పే ముందు, నేలకు చేరిన ఆకును తినేది ఎవరు, తిన్న తరువాత పంటకు మిగిలేది ఎంత అన్నది తెలియడం అవసరం. ఆ తినేవాటిలో ప్రధానమైనవి శిలీంధ్రాలు. రాలిన ఆకు పంటకు ఎరువు కావడానికి ముందు శిలీంధ్రాలకు ఆహారం అవుతుంది. పంటకు అందేది వాటి భోజనం తరువాత మిగిలినదే.

కాల్చిన ఆకులో పోయేది

ఆకు కాలేటప్పుడు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్దనే అందులోని నత్రజని వాయురూపం దాల్చడం ప్రారంభిస్తుంది. భాస్వరం, పొటాషియం ఆ విధంగా పోవడానికి 700 డిగ్రీలకు మించిన వేడి అవసరం. అందువల్ల అవి చాలావరకు బూడిదలో మిగులుతాయి. అయితే ఎండాకాలపు గాలికి ఆ బూడిద ఎగిరిపోతుంది, తొలకరి జల్లుకు వాలు వెంట కొట్టుకుపోతుంది. కర్బనం దాదాపు పూర్తిగా నష్టమవుతుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉన్న నేలలను భూసార పరీక్షలో తక్కువ తరగతిగా లెక్కిస్తారు. మెట్ట ప్రాంతపు ఎర్ర నేలలలో అధిక భాగం ఈ తరగతికే చెందుతుంది. అటువంటి నేలల వద్దనే కర్బనాన్ని పొగగా మార్చడం జరుగుతున్నది.

రాలే ముందే చెట్టు వెనక్కి తీసుకునేది

పచ్చి ఆకుకూ, పండి రాలిన ఆకుకూ మధ్య ఉన్న తేడాను విస్తరణ సందేశాలలో తరచుగా విస్మరించడం జరుగుతున్నది. ఆకు పండుతున్న దశలో చెట్టు అందులోని ప్రొటీన్లను విడగొట్టి, నత్రజనిని, భాస్వరాన్ని కొమ్మలలోకి వెనక్కి తీసుకుంటుంది. జాతిని బట్టి, నేలను బట్టి మారినప్పటికీ, ఈ రెండు పోషకాలలో సుమారు సగం లేదా అంతకు మించి ఈ విధంగా చెట్టులోకి తిరిగి చేరుతుంది. కాల్షియం, లిగ్నిన్ మాత్రం ఆకులోనే ఉండిపోతాయి. పచ్చిరొట్టగా కోసిన కానుగ ఆకులో సుమారు 3.3 శాతం, వేప ఆకులో 2.8 శాతం, గిరిపుష్పం (గ్లిరిసిడియా) ఆకులో 2.8 నుండి 3 శాతం వరకు నత్రజని ఉంటుందని ఎరువుల పట్టికలు తెలుపుతాయి. ఈ అంకెలు పచ్చగా ఉండగా కోసిన రొట్టకు సంబంధించినవి. అదే చెట్టు కింద ఊడ్చి తెచ్చిన ఎండుటాకుకు వాటిని ఆపాదించడం పొరపాటు. గిరిపుష్పం కొమ్మలను పూతకు ముందే నరికి వాడమని చెప్పడంలోని అంతరార్థం కూడా ఇదే.

ఆకు మీద శిలీంధ్రాల వరుస

ఆకు నేలను తాకకముందే దానిపై శిలీంధ్రాలు నివాసం ఏర్పరచుకొని ఉంటాయి. క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా వంటివి ఆకు ఉపరితలం మీద, మరికొన్ని ఆకు కణజాలం లోపల నిద్రాణంగా ఉండి, ఆకు పండగానే పని ప్రారంభిస్తాయి. నేలకు చేరిన తరువాత మ్యూకర్, ఆస్పర్జిల్లస్, పెనిసిలియం వంటి శీఘ్ర వృద్ధి గల శిలీంధ్రాలు తేలికగా కరిగే చక్కెరలను, పిండి పదార్థాలను వాడుకుంటాయి. బ్రిటిష్ శిలీంధ్ర శాస్త్రవేత్త ఎస్.డి. గారెట్ 1951లో ఈ వర్గాన్ని చక్కెర శిలీంధ్రాలుగా పేర్కొన్నాడు. వాటి వెనుక కీటోమియం, ట్రైకోడెర్మా, హ్యూమికోలా వంటివి సెల్యులోజ్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. చివరకు మిగిలిన లిగ్నిన్‌ను ప్రధానంగా తెల్లకుళ్ళు శిలీంధ్రాలు, అనగా పుట్టగొడుగుల వర్గానికి చెందిన బెసిడియోమైసీట్లు, ఛేదిస్తాయి. ఈ మూడు దశలు కచ్చితమైన గీతలతో విడివడి ఉండవు. ఒకే ఆకు మీద మూడు వర్గాలూ కలిసి కనిపించడం సాధారణం. అయినా, ఆకులోని తేలిక పదార్థం ముందు, కఠిన పదార్థం తరువాత కరుగుతుందన్న క్రమం మారదు.

లిగ్నిన్‌ను ఛేదించడం సామాన్యమైన పని కాదు. దాని అణువులు క్రమరహితంగా, పెద్దవిగా ఉండటం వల్ల సాధారణ ఎంజైములు పట్టు దొరకక విఫలమవుతాయి. ఫెనిరోకీట్ క్రైసోస్పోరియం అనే తెల్లకుళ్ళు శిలీంధ్రంలో లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము 1983లో కనుగొనబడింది. మాంగనీస్ పెరాక్సిడేజ్, లాకేజ్ అనే మరి రెండు ఎంజైములతో కలిసి ఇది లిగ్నిన్‌ను ఆక్సీకరణ ద్వారా విడదీస్తుంది. ఈ చర్యకు ఆక్సిజన్ తప్పనిసరి. నీరు నిలిచిన నేలలో లిగ్నిన్ ఎందుకు చాలాకాలం మిగిలిపోతుందో దీనిని బట్టి తెలుస్తుంది.

మెట్ట ప్రాంతాలలో ఈ వరుసలో మరొక భాగస్వామి ఉన్నది. ఒడొంటోటెర్మిస్ జాతి చెదపురుగులు ఎండుటాకును, పుల్లలను పుట్టలోకి చేరవేసి, నమిలి, దానిపై టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. ఆ శిలీంధ్రం లిగ్నిన్‌ను మెత్తబరిచిన తరువాతనే చెదలు దానిని తింటాయి. వర్షాలు పడినప్పుడు పుట్టల మీద మొలిచే గొడుగులు ఆ తోటకు చెందిన ఫలాంగాలే. పుట్టగొడుగు అనే తెలుగు మాటలోనే ఈ సంబంధం నిక్షిప్తమై ఉన్నది. వేసవిలో తోటలోని ఆకు పొర తగ్గిపోయినంత మాత్రాన అది అక్కడి నేలలోనే కుళ్ళిందని భావించరాదు. కొంత భాగం పుట్టలోకి తరలిపోయి ఉండవచ్చు.

నత్రజని లెక్క

ఆకు పంటకు మేలు చేస్తుందా, తాత్కాలికంగా కీడు చేస్తుందా అన్నది ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఒక టన్ను ఎండిన ఆకులో సుమారు 450 కిలోల కర్బనం ఉంటుంది. సూక్ష్మజీవులు తాము తిన్న కర్బనంలో సుమారు 40 శాతాన్ని దేహ నిర్మాణానికి వాడుకొని, మిగిలిన దానిని శ్వాసక్రియలో బొగ్గుపులుసు వాయువుగా విడుస్తాయని అనుకుందాం. అప్పుడు 180 కిలోల కర్బనం వాటి దేహాలలో చేరుతుంది. వాటి దేహంలో ప్రతి 10 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని అవసరమనుకుంటే, ఆ నిర్మాణానికి 18 కిలోల నత్రజని కావాలి.

ఎండిన టేకు ఆకు వంటి దానిలో ఒక శాతం నత్రజని ఉన్నదనుకుంటే టన్నుకు లభించేది 10 కిలోలే. తక్కువైన 8 కిలోలను సూక్ష్మజీవులు నేల నుండి, అనగా పంటకు అందవలసిన నైట్రేటు, అమ్మోనియం రూపాల నుండి తీసుకుంటాయి. దీనినే నత్రజని నిశ్చలీకరణ అంటారు. అదే గిరిపుష్పం రొట్టలో 3 శాతం నత్రజని ఉంటే టన్ను ఎండు బరువుకు 30 కిలోలు లభిస్తుంది. 18 కిలోలు పోగా 12 కిలోలు నేలలోకి విడుదలవుతాయి. మొదటి ఆకులో కర్బన–నత్రజని నిష్పత్తి 45, రెండవ దానిలో 15. ఈ రెంటికీ మధ్య, నిష్పత్తి 25 వద్ద, లాభనష్టాలు సమానమవుతాయి. పాఠ్యపుస్తకాలలో కనిపించే 20 నుండి 30 అనే సంధి అవధి ఈ లెక్క నుండి వచ్చినదే.

ఈ లెక్కలో రెండు పరిమితులను గుర్తుంచుకోవాలి. ఒక పంటకాలంలో ఆకు కర్బనమంతా కరగదు గనుక వాస్తవంలో ఈ 8 కిలోల కొరత కొన్ని నెలల మీద పరచుకొని ఉంటుంది. అంతేకాక, శిలీంధ్రాల తంతువులలో నత్రజని వాటా బాక్టీరియాతో పోలిస్తే తక్కువ. శిలీంధ్రాలు అధికంగా ఉన్న ఆకు పొరలో అవసరమయ్యే నత్రజని కొంత తగ్గుతుంది. నిశ్చలీకరణ శాశ్వతమైన నష్టం కాదు. ఆ సూక్ష్మజీవులు మరణించినప్పుడు, లేదా వాటిని నేలలోని సూక్ష్మ జంతువులు తిన్నప్పుడు, బందీ అయిన నత్రజని తిరిగి బయటకు వస్తుంది. సమస్యంతా సమయానిదే. మొక్కజొన్నకు నత్రజని అత్యవసరమైన వారాలలో అది శిలీంధ్రాల దేహాలలో ఉంటే, ఆ తరువాత విడుదలయ్యేది ఆ పంటకు ఉపయోగపడదు.

నిష్పత్తికి అందని గుణాలు

కర్బన–నత్రజని నిష్పత్తి ఒక్కటే ఆకు స్వభావాన్ని తెలుపదు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో జరిపిన అధ్యయనం ఆధారంగా మెలిల్లో, అబర్, మ్యూరటోర్ 1982లో లిగ్నిన్–నత్రజని నిష్పత్తి ఆకు కుళ్ళే వేగాన్ని మరింత చక్కగా సూచిస్తుందని చూపారు. ఉష్ణమండల నేలల కోసం షెరిల్ పామ్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన నిర్ణయ పద్ధతి క్షేత్రస్థాయికి మరింత అనుకూలమైనది. అందులో నత్రజనికి 2.5 శాతం, లిగ్నిన్‌కు 15 శాతం, పాలీఫినాళ్ళకు 4 శాతం హద్దులుగా నిర్ణయించి, ఆకులను నాలుగు తరగతులుగా విభజించారు.

నత్రజని ఎక్కువగా, లిగ్నిన్, పాలీఫినాళ్ళు తక్కువగా ఉన్న ఆకును నేరుగా నేలలో కలుపవచ్చు. నత్రజని ఎక్కువే అయినా లిగ్నిన్ లేదా పాలీఫినాళ్ళు హద్దు దాటితే దానిని ఎరువుతోగాని, మేలైన రొట్టతోగాని కలిపి వాడాలి. నత్రజని తక్కువగా ఉండి లిగ్నిన్ కూడా తక్కువైతే ఎరువుతో కలపడం లేదా కంపోస్టు చేయడం తగినది. నత్రజని తక్కువ, లిగ్నిన్ ఎక్కువ అయిన ఆకును నేలపై కప్పుగా పరచి, తేమను, మట్టిని కాపాడటానికి వినియోగించాలి.

పాలీఫినాళ్ళ ప్రభావం ప్రత్యేకమైనది. టానిన్లు ఆకులోని ప్రొటీన్లతో ముడిపడి, శిలీంధ్రాల ఎంజైములకు సులభంగా లొంగని సమ్మేళనాలను ఏర్పరుస్తాయి. అందువల్ల ఆకులో నత్రజని ఉన్నా విడుదల ఆలస్యమవుతుంది. జామాయిల్ ఆకులో పాలీఫినాళ్ళకు తోడు మైనపు పొర, సుగంధ తైలాలు కూడా ఉండటం వల్ల చాలా శిలీంధ్రాలు తొలి దశలో నిలదొక్కుకోలేవు. సరుగుడు చెట్టు ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి సహాయంతో నత్రజనిని స్థిరీకరించుకుంటుంది. అయినా దాని సన్నని రాలు పుల్లలు నెమ్మదిగా కుళ్ళుతూ, తోట కింద మందపు చాపలా పేరుకుంటాయి. చెట్టు నత్రజని స్థిరీకరించేది అయినంత మాత్రాన దాని రాలు ఆకు త్వరగా కుళ్ళుతుందన్న నియమం లేదు. వేప ఆకులోని లిమనాయిడ్లకు కొన్ని శిలీంధ్రాలను, నైట్రీకరణ బాక్టీరియాను నిరోధించే గుణం ఉన్నది. పాడేరు, అరకు కాఫీ తోటలలో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఆకు గట్టిగా ఉండి, నేలపై చాలాకాలం నిలుస్తుంది. వాలు నేలలో ఇదే దాని ప్రయోజనం. ఎరువుగా చూస్తే లోపంగా కనిపించేది, మట్టి కోతను ఆపే కప్పుగా చూస్తే గుణమవుతుంది.

నేలపైనా, నేలలోనా?

ఆకును మట్టిలో కలిపి దున్నినప్పుడు దాని ప్రతి ముక్కా నేలలోని నత్రజనికి దగ్గరవుతుంది. బాక్టీరియా, శిలీంధ్రాలు రెండూ ఒకేసారి దానిపై దాడి చేస్తాయి. కుళ్ళడం వేగవంతమవుతుంది, నత్రజని కొరత కూడా వేగంగానే వేరు మండలంలో ఏర్పడుతుంది. ఆకును నేలపై పరచినప్పుడు పరిస్థితి వేరు. ఎండకు, గాలికి ఆరిపోయే ఆ పొరలో బాక్టీరియా నిలువలేవు. నీటి లభ్యత బాగా తగ్గినప్పుడు కూడా శిలీంధ్రాలు కొంతమేరకు పనిచేయగలవు. వాటి తంతువులు కింది మట్టిలోకి దిగి, అక్కడి నత్రజనిని పైనున్న ఆకులోకి చేరవేసుకుంటాయి. ఈ చేరవేత జరిగినప్పటికీ, మట్టికీ ఆకుకూ స్పర్శ తక్కువ గనుక వేరు మండలంపై ఒత్తిడి దున్ని కలిపినప్పటికంటే తక్కువగా ఉంటుంది. ఆకు తక్కువ నాణ్యత గలదైతే పైన పరచడం, ఎక్కువ నాణ్యత గలదైతే లోపల కలపడం మేలన్న సూత్రానికి ఆధారం ఇదే.

ఎండుటాకు మీద యూరియా చల్లితే త్వరగా కుళ్ళుతుందన్న అభిప్రాయం కూడా సగమే సత్యం. చక్కెరలు, సెల్యులోజ్ కరిగే తొలి దశలో అదనపు నత్రజని సహాయపడుతుంది. లిగ్నిన్ కరగవలసిన చివరి దశలో అదే నత్రజని పలు తెల్లకుళ్ళు శిలీంధ్రాల ఎంజైములను అణచివేసి వేగాన్ని తగ్గించగలదు.

వేరు శిలీంధ్రాల పాత్ర

ఆకును కుళ్ళబెట్టే శిలీంధ్రాలతో పాటు, వేళ్ళతో సహజీవనం చేసే శిలీంధ్రాలు కూడా ఈ కథలో ఉన్నాయి. ప్రష్యా ప్రభుత్వం కోరిన మీదట ట్రఫుల్ అనే విలువైన శిలీంధ్రపు సాగును పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త ఎ.బి. ఫ్రాంక్ 1885లో ఈ సహజీవనానికి మైకోరైజా అనే పేరు పెట్టాడు. మొక్కజొన్న, వేరుశనగ, కంది, పత్తి, మామిడి, టేకు, వేప మొదలైనవన్నీ ఆర్బస్క్యులర్ మైకోరైజా వర్గానికి చెందినవి. భాస్వరం నేలలో కదలదు. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అది త్వరగా ఖాళీ అవుతుంది. మైకోరైజా తంతువులు ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుండి భాస్వరాన్ని తెచ్చి వేరుకు అందిస్తాయి.

ఇండోర్‌లో కంపోస్టు పద్ధతిని రూపొందించి, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో గ్రంథంగా ప్రకటించిన సర్ ఆల్బర్ట్ హోవర్డ్, 1940 నాటి తన మరొక గ్రంథంలో హ్యూమస్‌కూ మొక్కకూ మధ్య మైకోరైజాను వారధిగా అభివర్ణించాడు. తరువాతి పరిశోధనలు ఆ ఊహను కొంత సమర్థించి, కొంత సవరించాయి. హాడ్జ్, క్యాంప్‌బెల్, ఫిట్టర్ 2001లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, ఒక ఆర్బస్క్యులర్ శిలీంధ్రం గడ్డి ఆకుల ముద్దలోకి చొచ్చుకుపోయి, దాని కుళ్ళుడును వేగవంతం చేసి, అందులోని నత్రజనిని మొక్కకు చేరవేసింది. అయితే ఈ వర్గపు శిలీంధ్రం జన్యుపటం 2013లో వెలువడినప్పుడు, మొక్కల కణకవచాలను ఛేదించే ఎంజైముల జన్యువులు అందులో దాదాపు లేవని తేలింది. అనగా ఆకును విడదీసే పని ఇతర సూక్ష్మజీవులది. అక్కడ విడుదలైన నత్రజనిని, భాస్వరాన్ని అందిపుచ్చుకొని వేరుకు చేర్చే పని మైకోరైజాది. రెండు వర్గాలూ ఒకే చోట ఉన్నప్పుడే ఆకులోని సారం నష్టపోకుండా మొక్కకు చేరుతుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటుకు లోనుకాకూడదు. న్యూజిలాండ్‌లోని పైన్ తోటలలో మైకోరైజా వేళ్ళను తొలగించినప్పుడు ఆకు మరింత వేగంగా కుళ్ళిందని రూత్ గాడ్గిల్, పి.డి. గాడ్గిల్ 1971లో తెలిపారు. గాడ్గిల్ ప్రభావంగా ప్రసిద్ధమైన ఈ ఫలితం ఎక్టోమైకోరైజా గల చెట్లకు సంబంధించినది. ఆర్బస్క్యులర్ వర్గానికి చెందిన మామిడి, టేకు తోటలకు దానిని యథాతథంగా అన్వయించరాదు.

పదే పదే లోతుగా దున్నడం ఈ తంతుజాలాన్ని తెంచుతుంది. అవసరానికి మించిన భాస్వరం ఎరువు వేళ్ళపై మైకోరైజా ఆవాసాన్ని తగ్గిస్తుంది. ఆకు పొర కింద తేమ నిలిచి, నేల వేడి తగ్గి, దుక్కి తగ్గిన తోటలో ఈ శిలీంధ్రాలకు అనుకూల పరిస్థితి ఏర్పడుతుంది.

నేల కట్టుబడి, కొలతలో జాగ్రత్త

శిలీంధ్ర తంతువులు మట్టి రేణువులను అల్లి, తాము స్రవించే జిగురు పదార్థాలతో బంధించి, స్థిరమైన మట్టి గుళికలను ఏర్పరుస్తాయి. వాన దెబ్బకు పై పొర గట్టిపడి, మొలక పైకి రాలేని ఎర్ర నేలలలో ఈ గుళికల విలువ నత్రజని విలువకు తీసిపోదు. వీటికి సంబంధించి సారా రైట్, ఉపాధ్యాయ 1996లో వర్ణించిన గ్లోమాలిన్ అనే ప్రొటీన్‌ను నేడు అనేక పరిశోధన గ్రంథాలలో కొలుస్తున్నారు. ఆకు కలిపిన మళ్ళలో ఈ కొలతను జాగ్రత్తగా చూడాలి. సాధారణంగా వాడే ప్రొటీన్ పరీక్షలో ఆకు నుండి వచ్చిన టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు కూడా రంగునిచ్చి, గ్లోమాలిన్ విలువను కృత్రిమంగా పెంచగలవు. ఆకు వేసిన మడిలో అంకె పెరిగినంత మాత్రాన మైకోరైజా పెరిగిందని నిర్ధారించరాదు. వేరులో ఆవాస శాతం, నేలలో తంతువుల పొడవు కూడా కొలిచినప్పుడే ఆ నిర్ధారణ నిలుస్తుంది.

తెగులుకు ఆశ్రయం కాకుండా

నేల శిలీంధ్రాలన్నీ హితమైనవి కావు. వేరుశనగలో కాండం కుళ్ళును కలిగించే స్క్లెరోషియం రాల్ఫ్సీ, కుళ్ళని ఆకు, చెత్తను మొదటి ఆహారంగా వాడుకొని బలం పుంజుకున్న తరువాతనే కాండంపై దాడి చేస్తుంది. ఎండిన ఆకు మళ్ళీ తడిసినప్పుడు వెలువడే బాష్పశీల పదార్థాలు ఈ శిలీంధ్రపు ఆవగింజల వంటి స్క్లెరోషియాలను మొలకెత్తిస్తాయి. కనుక ఈ తెగులు ఉన్న వేరుశనగ చేలలో కుళ్ళని ఆకును మొక్కల మొదళ్ళ వద్ద పరచమని సిఫారసు చేయరాదు. పక్షికన్ను తెగులు సోకిన మామిడి ఆకును కూడా చెట్టు కిందనే వదలకుండా కంపోస్టు కుప్పకు తరలించాలి. కుప్పలో వేడి 55 నుండి 60 డిగ్రీలకు చేరి, కుప్పను తిరగవేసినప్పుడు అన్ని భాగాలకూ ఆ వేడి తగిలితే చాలా తెగులు కారకాలు నశిస్తాయి. ట్రైకోడెర్మాను ఆ వేడి తగ్గిన తరువాత కలపడం మేలు. ముందే కలిపితే అది కూడా నశించే అవకాశం ఉన్నది.

వరి మాగాణిలో వేరు లెక్క

మాగాణిలో కానుగ, గిరిపుష్పం రొట్టను దమ్ములో తొక్కించడం పాత అలవాటు. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ లేనందున శిలీంధ్రాల పాత్ర కుదించుకుపోయి, పని బాక్టీరియా చేతికి పోతుంది. లేత రొట్టకు ఇది అడ్డంకి కాదు. లిగ్నిన్ ఎక్కువగా ఉన్న ఎండుటాకును దమ్ములో తొక్కితే మాత్రం అది సగం కుళ్ళి నిలిచిపోవడం, సేంద్రియ ఆమ్లాలు, మీథేన్ వెలువడటం, నాటిన నారు వేళ్ళు దెబ్బతినడం సంభవించవచ్చు. ఎండుటాకుకు తగిన స్థానం మెట్ట నేల ఉపరితలమో, కంపోస్టు కుప్పో అవుతుంది గాని మాగాణి కాదు.

విస్తరణకు అనువైన సూచనలు

పై విషయాల నుండి క్షేత్రస్థాయికి కొన్ని స్పష్టమైన సిఫారసులు లభిస్తాయి.

గిరిపుష్పం, కానుగ లేత రొట్టను విత్తడానికి లేదా నాటడానికి ముందు నేలలో కలుపవచ్చు. గట్ల మీద గిరిపుష్పం పెంపకాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ చాలాకాలంగా ప్రోత్సహిస్తున్నాయి. రొట్టతో పాటు కొంత యూరియాను జోడించే పద్ధతిని కూడా మెట్ట సంస్థ ఎర్ర నేలలలో దీర్ఘకాలం పరిశీలించింది.

టేకు, మామిడి, జీడిమామిడి ఎండుటాకును తోట పాదులలోనే, కాండానికి కొంత ఎడంగా, కప్పుగా పరచాలి. వేసవిలో నిప్పు అంటుకోకుండా తోట చుట్టూ ఆకు లేని బాట వదలాలి.

ఎండుటాకును వార్షిక పంటకు ఎరువుగా వాడదలిస్తే కంపోస్టు చేయడం శ్రేయస్కరం. పైన చూపిన లెక్క ప్రకారం, ఒక శాతం నత్రజని గల ఎండుటాకు 3 పాళ్ళు, మూడు శాతం నత్రజని గల గిరిపుష్పం 2 పాళ్ళు ఎండు బరువులో కలిపితే కుప్ప నిష్పత్తి 25కు చేరుతుంది. పచ్చి రొట్టలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే గనుక, తూకం వేసేటప్పుడు పచ్చి రొట్టను ఎండు బరువుకు సుమారు నాలుగు రెట్లు తీసుకోవాలి. పేడనీరు చిలకరించి, తేమను 50 నుండి 60 శాతం మధ్య నిలపాలి.

కంపోస్టుకు వ్యవధి లేక ఎండుటాకును నేలలోనే కలపవలసి వస్తే, తొలకరి కంటే చాలా ముందు కలపడం వల్ల ప్రయోజనం స్వల్పం. పొడి నేలలో కుళ్ళు దాదాపు ఆగిపోతుంది. అటువంటి చేలలో కంది, పెసర వంటి పప్పుధాన్యాలను మొదట వేయడం, లేదా మొక్కజొన్నకు తొలి దఫా నత్రజనిని తగ్గించకుండా ఇవ్వడం అవసరం.

విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం

ఏ ఆకు ఏ తరగతికి చెందుతుందో ఆయా నేలలలోనే తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. బోకాక్, గిల్బర్ట్ 1957లో ప్రవేశపెట్టిన నైలాన్ వల సంచుల పద్ధతి నేటికీ చాలు. తెలిసిన ఎండు బరువు గల ఆకును సంచులలో నింపి, కొన్నింటిని నేలపై, కొన్నింటిని 10 సెంటీమీటర్ల లోతున ఉంచి, 15, 30, 60, 90, 120 రోజులకు తీసి, ఎండబెట్టి తూచాలి. సన్న వల, పెద్ద వల రెండూ వాడితే చెదల పాత్ర వేరుగా తెలుస్తుంది. ఆకుకు అంటిన మట్టి బరువును, నమూనాను కాల్చి బూడిద శాతం ద్వారా సవరించాలి.

ఓల్సన్ 1963లో సూచించిన సూత్రం ప్రకారం, 20 గ్రాముల ఆకు 120 రోజులకు 12 గ్రాములు మిగిలితే, క్షయ స్థిరాంకం రోజుకు సుమారు 0.0043, సగం కరగడానికి పట్టే కాలం సుమారు 163 రోజులు. బరువు తగ్గడం వేరు, నత్రజని విడుదల కావడం వేరు. ప్రతి దశలో మిగిలిన ఆకులో నత్రజనిని కూడా కొలవాలి. తక్కువ నాణ్యత గల ఆకులో తొలి వారాలలో బరువు తగ్గుతూనే నత్రజని మొత్తం పెరగడం కనిపిస్తే, శిలీంధ్రాలు మట్టి నుండి దానిని పైకి తెచ్చుకుంటున్నాయని అర్థం. ఆ వక్రరేఖ తిరిగి కిందికి వంగే రోజు, ఆ నేలలో ఆ ఆకు పంటకు ఇవ్వడం మొదలుపెట్టే రోజు.

ముగింపు

ఆకును కాల్చవద్దన్న సలహాకు మినహాయింపు అవసరం లేదు. "నేలలో కలపండి" అన్న మాటకు మాత్రం ఏ ఆకు, పైనా లోపలా, ఏ పంటకు ఎన్నాళ్ళ ముందు అన్న మూడు వివరాలను జోడించాలి. ఆకులోని నత్రజని శాతాన్ని, ఎండుటాకా లేతాకా అన్న తేడాను, నేలలో తేమను గమనించి ఇచ్చిన సలహా మొదటి పంటలోనే నిలబడుతుంది. వల సంచిలోని ఆకు ఏ రోజు నుండి నత్రజనిని విడుస్తున్నదో మన కళాశాలల క్షేత్రాలలో, మన ఆకులకే, మన నేలలలోనే కొలిచి ఉంచితే, ఆ తేదీని రైతుకు చెప్పవచ్చు. వేసవిలో తోట కింద పేరుకున్న ఆకు పొరను ఎత్తి చూస్తే, అడుగున తడి ఆకులను ఒకదానితో ఒకటి కుట్టినట్లు తెల్లని తంతువులు కనిపిస్తాయి. రైతుకు ఆ అల్లికను చూపించి చెప్పడం, నిప్పు పెట్టవద్దని చెప్పడానికి తగిన ఆరంభం.